లండన్ శస్త్రచికిత్సా పరికరాల తయారీలో భారతీయ ఉక్కు (1794–1823): పేరు, విలువ, విస్మృతి

1. ప్రవేశిక

శస్త్రచికిత్స చరిత్ర సాధారణంగా వైద్యుల చరిత్రగానే రచింపబడింది. వైద్యుని చేతిలోని కత్తికి రూపమిచ్చిన పనివాడు, ఆ కత్తికి మూలమైన లోహాన్ని కొలిమిలో కరిగించిన కమ్మరి ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. 18వ శతాబ్ది చివరి దశకంలో భారతదేశపు ఉక్కు లండన్ నగరంలోని ఒక శస్త్రచికిత్సా పరికరాల తయారీదారుని దుకాణానికి చేరింది. అక్కడ అది ‘ఉట్జ్’ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ఈ పేరు కన్నడ, తెలుగు భాషలలోని ‘ఉక్కు’ శబ్దానికి సంబంధించినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఉక్కు ఉట్జ్‌గా, ఉట్జ్ శస్త్రంగా మారిన ఈ ప్రయాణంలో పేరు ఎవరికి దక్కింది, విలువ ఎక్కడ చేరింది అనే ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కత్తుల దుకాణమే శస్త్రాల దుకాణం

ఆ కాలంలో శస్త్రచికిత్సా పరికరాల తయారీ ప్రత్యేక పరిశ్రమగా ఏర్పడలేదు. అది కత్తుల తయారీ వృత్తిలో ఒక శాఖ. ఫ్రాన్స్‌లో జాన్ జాక్ పెరె 1771–72లో కత్తుల తయారీ కళపై వెలువరించిన బృహద్గ్రంథంలో శస్త్రచికిత్సా పరికరాలకు ప్రత్యేక భాగం ఉంది. లండన్‌లో సావిన్యీ అనే తయారీదారు 1798లో తన కాలపు పరికరాల చిత్రాలను ఒక సంపుటంగా ప్రచురించాడు. క్షౌరపు కత్తి, కలం చెక్కుకొనే చాకు, కంటి శుక్లాన్ని తొలగించే సన్నని కత్తి ఒకే దుకాణంలో అమ్ముడయ్యేవి.

మత్తుమందు శస్త్రచికిత్సలో బహిరంగంగా ప్రదర్శితమై వ్యాప్తి పొందడం 1846 తరువాతి మాట. అంతకు ముందు రోగి స్పృహలో ఉండగానే కోత జరిగేది. కోత ఎంత త్వరగా ముగిస్తే రోగికి అంత మేలు. కాబట్టి కత్తి పదును వైద్యునికి సౌకర్యం మాత్రమే కాదు, రోగి అనుభవించే బాధకు కొలత కూడా. పరికరాల తయారీదారు పేరు ప్రతిష్ఠలు ఆ పదునుపైనే ఆధారపడేవి. ఆ పదును ఉక్కుపై ఆధారపడేది.

ఇంగ్లండులో మేలైన ఉక్కుకు అప్పటికే షెఫీల్డ్ కేంద్రం. అక్కడ బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో ఉక్కును మూసలో కరిగించి పోతపోసే పద్ధతిని రూపొందించాడు. దీనికి అవసరమైన మేలురకపు ఇనుము చాలావరకు స్వీడన్ నుండి దిగుమతి అయ్యేది. అంటే ఆంగ్ల తయారీదారు కూడా పరదేశపు లోహంపై ఆధారపడినవాడే. భారతీయ ఉక్కుపై లండన్‌లో పుట్టిన ఆసక్తిని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

3. ‘ఉట్జ్’ రాక

బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన హెలినస్ స్కాట్ 1794లో ఈ ఉక్కు నమూనాలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. ఇది అసాధారణమైన కాఠిన్యం గలదని, ఎక్కువ వేడిని తట్టుకోలేదని, కొద్దిపాటి ఎరుపు దాటితే సుత్తి కింద నిలువదని ఆయన తెలిపాడు. జార్జ్ పియర్సన్ ఆ నమూనాలను పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. గుండ్రని బిళ్లల రూపంలో వచ్చిన ఈ ఉక్కు సుమారు 5 అంగుళాల వ్యాసం, 1 అంగుళం మందం గలదని అందులో వర్ణించాడు.

ఈ పత్రం శీర్షికలోనే ఒక విశేషం ఉంది. ఉట్జ్ బొంబాయిలో తయారయ్యే ఉక్కు అని ఆ శీర్షిక పేర్కొంటుంది. బొంబాయి సరుకు ఓడకెక్కిన రేవు మాత్రమే. మూస ఉక్కు తయారీ దక్షిణ భారతంలోను, దక్కనులోను లోతట్టు గ్రామాలలో సాగిన వృత్తి. రేవు పేరు సరుకుకు అంటుకోవడంతో ఆ గ్రామాలు విజ్ఞానశాస్త్ర గ్రంథాలలోకి ప్రవేశించకముందే అదృశ్యమయ్యాయి.

పేరు విషయంలోను ఇటువంటిదే జరిగింది. ‘ఉట్జ్’ రూపం లేఖనదోషం వల్ల ఏర్పడి ఉండవచ్చునని, మూలం కన్నడ ‘ఉక్కు’ కావచ్చునని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సూచించింది. తెలుగులో కూడా అదే రూపం, అదే అర్థం ఉన్నాయి. ఒక దేశ్యపదం తన నేలను, తన ఉచ్చారణను కోల్పోయి ఐరోపా లోహశాస్త్రంలో పారిభాషికపదంగా స్థిరపడింది.

4. స్టోడార్ట్ దుకాణం

పియర్సన్ కోరికపై ఈ ఉక్కుతో చాకును మలచినవాడు జేమ్స్ స్టోడార్ట్. లండన్ స్ట్రాండ్ వీధిలో శస్త్రచికిత్సా పరికరాలు, క్షౌరపు కత్తులు తయారుచేసిన ఇతడు ఉట్జ్‌ను ప్రయోగవస్తువుగా విడిచిపెట్టక వ్యాపారంలోకి తెచ్చాడు. శస్త్రాలు, క్షౌరపు కత్తులు భారతదేశపు ఉక్కుతో తయారవుతాయని, అనేక సంవత్సరాల తులనాత్మక పరీక్ష తరువాత ఐరోపాలోని మేలైన ఉక్కు కన్న దీనినే ఎంచుకున్నానని తన వ్యాపార పత్రంపై ముద్రించుకున్నాడు. ఒక పరికరాల తయారీదారు ముడిలోహపు పుట్టుకను దాచక దానినే ప్రకటనగా మలచుకోవడం ఇక్కడి విశేషం.

స్టోడార్ట్ ఆసక్తి అమ్మకంతో ఆగలేదు. 1818 నుండి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కుపై ప్రయోగాలు చేశాడు. ఫారడే కమ్మరి కుమారుడు. ఉట్జ్ గుణాలకు కారణం తెలుసుకొని దానిని ఇంగ్లండులోనే తయారుచేయడం వారి లక్ష్యాలలో ఒకటి. వెండి, ప్లాటినం, రోడియం మొదలైన లోహాలను ఉక్కులో కలిపి చూశారు. ఫలితాలను 1820, 1822 సంవత్సరాలలో ప్రచురించారు. ఉట్జ్ విశిష్టతకు అల్యూమినియం సంబంధమైన పదార్థం కారణమని వారు భావించారు. తరువాతి పరిశోధన దానిని సమర్థించలేదు. అధిక కర్బన శాతం, నెమ్మదిగా చల్లబరచడం ఆ గుణాలకు ఆధారమని నేడు తెలుసు. 1823లో స్టోడార్ట్ మరణంతో ఈ ప్రయత్నం బలహీనపడింది. అయినా ఉక్కు మిశ్రమలోహాల క్రమబద్ధ అధ్యయనానికి ఇది తొలి అడుగులలో ఒకటి. ఆ అడుగుకు ప్రేరణ భారతీయ కమ్మరి మూస.

5. కొలిమి పక్షం

ఇదే కాలంలో తెలుగు నేలపై లోహకారుల పనిని చూసినవారు ఇద్దరు ఉన్నారు. సామర్లకోటలో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బెంజమిన్ హెయిన్ 1795లో నూజివీడు సమీపంలోని రమణక్కపేట ఇనుప కొలుములను వర్ణించాడు. పూర్వం అధిక సంఖ్యలో ఉన్న కొలుములు కరవు తరువాత తగ్గిపోయాయని పేర్కొన్నాడు. ఇది ఇనుము తీసే కేంద్రం. 1814లో లండన్‌లో వెలువడిన హెయిన్ గ్రంథంలో స్టోడార్ట్ అభిప్రాయం కూడా చేరింది. తాను పరీక్షించిన వాటిలో భారతీయ ఉక్కే శ్రేష్ఠమని స్టోడార్ట్ అందులో తెలిపాడు. కొలిమిని చూసినవాని మాట, కత్తిని చేసినవాని మాట ఒకే గ్రంథంలో కలిసిన అరుదైన సందర్భమిది.

రెండవవాడు భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూస ఉక్కు తయారీని ఆయన పరిశీలించాడు. 1824లో ఆయన మరణించగా ఆ వివరణ 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు వేర్వేరు ఇనుములను తగిన పాళ్లలో కలిపి మూసలో కరిగించడం అక్కడి పద్ధతి. ఈ ఉక్కు కొనుగోలుకు పారశీక వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. పియర్సన్ పత్రంలో రేవు పేరు మిగిలింది. వాయ్సీ వివరణలో ఊరి పేరు మిగిలింది. కరిగించిన మనిషి పేరు రెండింటిలోను లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్టోడార్ట్ శస్త్రాలు కోనసముద్రం ఉక్కుతో తయారయ్యాయని నిర్ణయించడం పై ఆధారాలను మించిన మాట. మూస ఉక్కు సేలం, మైసూరు ప్రాంతాలలోను తయారయ్యేది. ప్రాంతాభిమానంతో ఒక గ్రామానికి మొత్తం కీర్తిని కట్టబెడితే, రేవుకు కీర్తి కట్టబెట్టిన పాత పొరపాటునే మరో రూపంలో చేసినట్లవుతుంది.

6. శ్రేష్ఠత, సమానత

ఇంత మెచ్చుకున్న ఉక్కు ఇంగ్లండు పరికరాల పరిశ్రమకు శాశ్వత ఆధారం ఎందుకు కాలేదు? ఉట్జ్ చిన్న బిళ్లలుగా వచ్చేది. బిళ్లకు బిళ్లకు గుణం మారేది. ఎక్కువ కాక ఇస్తే చిట్లేది. స్టోడార్ట్ వంటి నిపుణుడు ప్రతి బిళ్ల స్వభావాన్ని పసిగట్టి మలచగలడు. పదుల సంఖ్యలో పనివారితో ఒకే రకం కత్తులను తయారుచేయించే వ్యాపారికి అది సాధ్యం కాదు. షెఫీల్డ్ ఉక్కు నిలకడగా, ఒకే తీరుగా దొరికేది. పరిశ్రమ శ్రేష్ఠతను కాక సమానతను ఎన్నుకుంది. ఉట్జ్ వెనుకబడటానికి దాని గుణలోపం కారణం కాదు. మారుతున్న ఉత్పత్తి విధానానికి అది ఇమడలేదు.

7. ముగింపు

స్టోడార్ట్ భారతీయ కమ్మరి పనితనాన్ని తక్కువ చేసినవాడు కాదు. తన వ్యాపార పత్రంపైనే దానిని అంగీకరించాడు. అయినా ఆ అంగీకారం ‘భారతదేశం’ అనే పేరుతో ఆగింది. కొలిమి, ఊరు, మనిషి అందులో లేరు. శస్త్రం చేతికి చేరేసరికి దానిపై మిగిలేది చివరిగా పదును పెట్టినవాని పేరు మాత్రమే. అంతకు ముందరి చేతుల జాడ పదంలో దొరుకుతుంది. ‘ఉట్జ్’ అనే వికృతరూపంలో ‘ఉక్కు’ ఇంకా వినిపిస్తున్నది. పత్రాలు విడిచిపెట్టిన వృత్తిచరిత్రను వెదకడానికి వృత్తిపదాలు, నిఘంటువులు, కొలిమి పరిభాష విలువైన ఆధారాలని ఈ ఉదంతం నిరూపిస్తున్నది. తెలుగు పరిశోధన శస్త్రచికిత్స చరిత్రకు అందించగల ప్రత్యేకమైన చేర్పు అక్కడే ఉంది.