దొరల ట్రౌటు, మన కొరమీను

ఏప్రిల్ వచ్చేసరికి మా ప్రత్తిపాడు వైపు కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి, చెరువులు అడుగంటుతాయి. తెల్లదొరల కాలంలో ఆ రోజుల్లోనే మద్రాసు గవర్నమెంటు మూటాముల్లె సర్దుకొని ఊటీ ఎక్కేది. 1870 నుంచీ అది వాళ్ల వేసవి రాజధాని మరి!

చల్లదనం దొరికింది గాని, సీమలో సరదాగా గాలం వేసి పట్టే ట్రౌటు చేప అక్కడి ఏళ్లలో లేదాయె. 1863లోనే ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు సీమనుంచి దాని గుడ్లు తెప్పించి చూశారు, బతకలేదు. చివరికి విల్సన్ అనే ఆయన పట్టుబట్టి, 1907లో నీలగిరుల్లోని అవలాంచి దగ్గర గుడ్లు పొదిగించే ఏర్పాటు చేశారు. అక్కడ నిలదొక్కుకున్నది అమెరికా జాతి రెయిన్‌బో ట్రౌటు.

ఆ గాలానికి ఎర్రనైనా గుచ్చరు సుమండీ! ఈకలూ దారమూ చుట్టి, అచ్చం ఈగలా చేసి నీటిమీద ఆడిస్తారు. మన అల్లికపనికేమీ తీసిపోదు.

మనకెందుకీ గొడవ అంటారా? 1953 దాకా గుంటూరు రైతు శిస్తూ ఆ మద్రాసు ఖజానాకే చేరేది. ఆ చేపను కళ్లజూసిన రైతు ఎంతమంది? చల్లని నీరు లేకపోతే అది బతకదు. మన కొరమీను చెరువు బురదలోనూ పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. వేసవిలో మా ఊళ్ల పులుసుకి వచ్చేది అదే.