ఆపరేషన్ తర్వాత అన్నం: డంపింగ్, నీరసాల చరిత్ర

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేయించుకున్నవారిలో కొందరికి తీపి తిన్న పావుగంటకో అరగంటకో గుండె దడదడలాడుతుంది. ఒళ్లంతా చెమటలు పోస్తాయి, కడుపులో మెలిపెడుతుంది, విరేచనమవుతుంది. ఎక్కడో ఒకచోట పడుకుంటే తప్ప నిలవలేరు. వైద్యులు దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీతోనే ఇది పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ సర్జరీ కన్నా ఇది అర్ధశతాబ్దానికి పైగా పాతది. పుండ్లకు, క్యాన్సర్‌కు కడుపు కోసిన రోజుల నుంచే రోగులు ఈ బాధ చెబుతూ వచ్చారు.

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ ఒక క్యాన్సర్ రోగి జీర్ణాశయంలో కింది భాగం తీసేసి, మిగిలినదాన్ని పేగుకు కుట్టాడు. జీర్ణాశయంలో కొంత తీసేశాక రోగి బతికి బయటపడడం అదే మొదలు. కొన్ని నెలలకు క్యాన్సర్ తిరగబెట్టి ఆమె చనిపోయింది. అదే ఏడాది ఆయన సహాయకుడు ఆంటన్ వోల్‌ఫ్లర్ జీర్ణాశయం గోడకూ చిన్నపేగుకూ నేరుగా దారి కలిపే పద్ధతి కనిపెట్టాడు. ఈ రెండింటి వల్లా పైలోరస్ పని పోయింది. పైలోరస్ అంటే జీర్ణాశయం చివరనుండే కండర ద్వారం. నమిలి మింగినదాన్ని మెత్తటి జావలా నలిగేదాకా ఆపి, కొద్దికొద్దిగా పేగులోకి వదలడం దాని పని. అది లేకపోతే తిన్నది తిన్నట్టే పేగులోకి జారిపోతుంది.

అయితే ఈ లంకె వైద్యులకు వెంటనే తట్టలేదు. భోజనం కాగానే కళ్లు తిరుగుతున్నాయని రోగులు మొత్తుకుంటే నరాల బలహీనత అన్నవాళ్లూ ఉన్నారు. ఎక్స్‌రే వచ్చాక గానీ విషయం తేటపడలేదు. 1913లో లండన్ వైద్యుడు ఆర్థర్ హర్ట్జ్ ఈ లక్షణాలకు జీర్ణాశయం అతివేగంగా ఖాళీ కావడమే కారణమని రాశాడు. 1922లో చికాగోకు చెందిన చార్లెస్ మిక్స్ దానికి డంపింగ్ అన్న పేరు వాడాడు. రోగి చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి ఒక యంత్రం కావలసి రావడం ఈ చరిత్రలో మొదటి అన్యాయం.

లోపల జరిగేది ఇది. బాగా తీపిగా, చిక్కగా ఉన్న ఆహారం ఒక్కసారిగా చిన్నపేగులో పడితే, దాని గాఢతను పలచబరచడానికి రక్తంలోని నీరు పేగులోకి లాగబడుతుంది. రక్తం చిక్కబడుతుంది, రక్తనాళాల్లో పరిమాణం తగ్గుతుంది, గుండె వేగం పెంచుకుంటుంది. ఉబ్బిన పేగు మరోపక్క రకరకాల హార్మోన్లు వదులుతుంది. నార్వే వైద్యుడు సిగ్‌స్టాడ్ 1970లో ఈ లక్షణాలకు మార్కులు కట్టాడు. రోగికి గ్లూకోజ్ నీళ్లు తాగించి కొన్ని గంటలపాటు నాడి, హెమటోక్రిట్ (రక్తంలో కణాల శాతం) చూస్తారు, లక్షణాలు రాసుకుంటారు. పడుకోవాలనో కూర్చోవాలనో అనిపిస్తే 4 మార్కులు, నీరసానికి 3, గుండెదడకు 3, తలనొప్పికి 1. వాంతి అయితే మాత్రం 4 తీసేస్తారు, ఎందుకంటే వాంతి సాధారణంగా వేరే ఇబ్బందిని సూచిస్తుంది. మొత్తం 7 దాటితే డంపింగ్‌గా అనుమానిస్తారు. ఈ పట్టికలో చూడవలసింది నీరసం స్థానం. దాన్ని పక్కలక్షణంగా కాక రోగంలో ముఖ్యభాగంగా, తలనొప్పికి మూడింతల బరువుతో లెక్కించారు.

డంపింగ్ ఎక్కువగా కనిపించిన కాలం పుండ్ల ఆపరేషన్ల కాలమే. 1943లో చికాగోలో లెస్టర్ డ్రాగ్‌స్టెడ్ కడుపులో ఆమ్లం తగ్గించడానికి వేగస్ నాడిని కోసే పద్ధతి మొదలుపెట్టాడు. ఆ నాడి కోస్తే జీర్ణాశయం సరిగా ఖాళీ కాదు కాబట్టి పక్కన పేగుకు కొత్త దారి కలిపేవారు. డ్యూయోడినల్ అల్సర్, అంటే చిన్నపేగు మొదటి భాగంలో పుండు, అప్పట్లో ఉత్తరాది కన్నా దక్షిణ భారతంలో చాలా ఎక్కువగా ఉండేది. మన పెద్దాసుపత్రుల్లో ఒక తరం సర్జన్లకు ఈ నాడి కోత నిత్యం చేసే ఆపరేషన్. నొప్పి పోయింది గానీ అన్నం తిన్నాక నిలవలేకపోతున్నానని తర్వాత తిరిగొచ్చిన రోగులు అప్పటికే ఉన్నారు. కొన్నిచోట్ల పది సెంటీమీటర్ల పేగు ముక్కను తిరగేసి కుట్టి వేగం తగ్గించాలని కూడా ప్రయత్నించారు. 1976లో సిమెటిడిన్ మందు, ఆ తర్వాత బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్న హెలికోబాక్టర్ క్రిమి పుండ్లను ఆపరేషన్ గది నుంచి మందుల షాపుకు తెచ్చాయి. డంపింగ్ పాఠ్యపుస్తకాల్లో చివరి పేజీలకు చేరే వేళకు మరో దారిన తిరిగొచ్చింది.

ఆ దారి వేసింది అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్. పుండ్లకు జీర్ణాశయం కోయించుకున్న స్త్రీలు మళ్లీ బరువు పెరగకపోవడం గమనించి, 1966లో చికాషీ ఇటోతో కలిసి బరువు తగ్గించడానికే, జీర్ణాశయంలో చిన్న సంచి మిగిల్చి దాన్ని నేరుగా పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాడు. అంతకుముందు 1954లో మిన్నెసోటాలో క్రెమెన్ బృందం, తర్వాత లాస్ ఏంజెల్స్‌లో పేన్, డివిండ్ మరో పద్ధతి పట్టారు. ఇంచుమించు ఆరు మీటర్ల చిన్నపేగులో 35 సెంటీమీటర్ల మొదటి భాగాన్ని, 10 సెంటీమీటర్ల చివరి భాగానికి కలిపి మిగతాదంతా పక్కన పెట్టేశారు. బరువు తగ్గింది. కానీ ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కాలేయ వైఫల్యం వచ్చాయి, కొందరు చనిపోయారు. 1980 నాటికి ఆ ఆపరేషన్ దాదాపు మానేశారు.

మేసన్ పద్ధతి నిలిచింది. 1977లో గ్రిఫెన్ బృందం దాన్ని వై ఆకారపు పేగు కలయికతో మార్చింది. ఇప్పుడు మిగిల్చే సంచి దాదాపు 30 మిల్లీలీటర్లు. ఇక్కడ డంపింగ్ పాత్ర తిరగబడింది. పుండ్ల రోగిలో లోపమనుకున్నది, లావు తగ్గాలనుకున్నవారిలో తీపిని దూరం పెట్టే కాపలాదారు అయింది. 1987లో షుగర్‌మన్ బృందం తీపి ఎక్కువగా తినేవారికి బైపాస్ మేలని ఒక పోలిక ప్రయోగంతో రాసింది. డంపింగ్ రావడం మంచిదేనని రోగులకు చెప్పడం మొదలైంది. అయితే డంపింగ్ తీవ్రతకూ తగ్గిన బరువుకూ పొంతన లేదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. బరువు తగ్గడంలో పేగు హార్మోన్ల పాత్ర పెద్దది. అంటే రోగి ఆ దడనూ చెమటనూ క్రమశిక్షణ పేరుతో భరించాల్సిన అవసరం లేదు. ఈ మాట చెప్పడానికి వైద్యరంగానికి దశాబ్దాలు పట్టింది.

నీరసం కథ వేరే దారిలో నడిచింది. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో తిండి, మాంసకృత్తులు, నీరు అన్నీ తక్కువ కాబట్టి అలసట సహజం. నెలలు గడిచినా తగ్గకపోతే కారణం రక్తంలో వెతకాలి. ఇనుము ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగమైన డ్యూయోడినమ్. బైపాస్‌లో ఆహారం దాన్ని తప్పించుకుపోతుంది, ఆమ్లమూ తగ్గుతుంది. అందుకే నెలసరి వచ్చే స్త్రీలలో రక్తహీనత ముందు పలకరిస్తుంది. బి12 విటమిన్ లోపం మరింత ఆలస్యంగా బయటపడుతుంది. కాలేయంలో నిల్వలు ఏళ్లపాటు సరిపోతాయి గనుక రోగి తాను క్షేమమనుకునే కాలంలో అవి అడుగంటుతాయి. శాకాహారుల్లో ఆ నిల్వ మొదటే తక్కువ. బి12 రక్తంలోకి చేరడానికి జీర్ణాశయం ఇచ్చే ఒక పదార్థం కావాలని బోస్టన్‌లో విలియం కాసిల్ 1920ల చివర చూపాడు; బైపాస్ తర్వాత ఆ పదార్థం ఆహారంతో సరిగా కలవదు.

ఈ వరుసలో ఒక తెలుగువాడి పేరు తప్పనిసరిగా రావాలి. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి నీరసించే జబ్బు అది. లెడర్లే సంస్థలో ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బేరియాట్రిక్ రోగులు వేసుకునే మాత్రల్లో నేటికీ అది ఉంటుంది. అయితే బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపించినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయని 1940ల చివరికే గ్రహించారు. రెండూ కలిపి చూడాలన్న నియమం అక్కడి నుంచి వచ్చింది.

మరో పాత శత్రువు బెరిబెరి, అంటే థయామిన్ (బి1 విటమిన్) లోపంతో వచ్చే జబ్బు. మద్రాసు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే దాని మీద గ్రంథం రాశాడు. ఉత్తర సర్కారు జిల్లాలు ఈ జబ్బుకు పేరుపడ్డాయి. మరపట్టిన తెల్లబియ్యంలో థయామిన్ పోవడమే మూలమని తర్వాత తెలిసింది. ఒంట్లో థయామిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించదు. ఆపరేషన్ అయ్యాక వాంతులు ఆగని రోగికి తూలుడు, చూపు రెండుగా కనబడడం, మతిమరుపు వస్తే అది అత్యవసరం. థయామిన్ ఇవ్వకుండా ముందు గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది. చాలా చవకైన ఇంజెక్షన్‌తో తప్పించగల నష్టం ఇది. దాన్ని గుర్తించకపోవడాన్ని ఏ రకంగానూ సమర్థించలేం.

2005లో మరో రకం నీరసం వార్తలకెక్కింది. బైపాస్ అయిన ఆరుగురిలో భోజనం తర్వాత రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతోందని, ఇన్సులిన్ అతిగా ఊరుతోందని మేయో క్లినిక్ వైద్యులు రాశారు. తిన్న ఒకటి నుంచి మూడు గంటలకు వణుకు, అయోమయం, కొందరికి స్పృహ తప్పడం దాని లక్షణాలు. తొలిదశలో క్లోమంలో కొంత కోసి తీసేశారు. ఫలితాలు నిరాశపరచడంతో ఆ దారి క్రమంగా వదిలేశారు. జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ ఉప్పెనలా పెరగడం ఇందులో ముఖ్యమని ఇప్పటి అవగాహన.

ఆహారపు నియమాలు మాత్రం పుండ్ల కాలం నుంచి పెద్దగా మారలేదు. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తినడం, ముందు గుడ్డు, పప్పు, చేప లాంటివి, చివర పిండిపదార్థం, తీపి పానీయాలు మానేయడం, భోజనంతో నీళ్లు తాగకుండా అరగంట ఆగడం. తెలుగు విస్తరిలో ఈ చివరిది అన్నిటికన్నా కష్టం. చారన్నం, మజ్జిగన్నం రెండూ తాగినట్టే జారిపోతాయి. గట్టిగా వండిన అన్నం ముద్ద చిన్న సంచి మూతి దగ్గర పట్టేస్తుంది. పాలు పడనివారికి పెరుగు పడవచ్చు. చిక్కటి పప్పుతో మెత్తటి అన్నం రెండు మూడు చెంచాలు, బాగా నమిలి తినడం చాలామందికి కుదురుతుంది. పాయసం, జిలేబీల సంగతి తెలిసిందే. తిండి సర్దినా చాలకపోతే గోరుచిక్కుడు జిగురు లాంటి పీచు, పిండిపదార్థం విరగడాన్ని ఆపే అకార్బోస్, పేగు హార్మోన్లను అణచడానికి 1980ల నుంచి వాడుతున్న ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ ఇదే వరుసలో వస్తాయి. ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి పరీక్షలు జీవితాంతం సాగాలి. వీటన్నిటి తర్వాతా తగ్గని కొద్దిమందికి మాత్రమే పేగు దారిని మళ్లీ సరిచేసే ఆపరేషన్ ఆలోచిస్తారు.