ఉలువాటులో కళ్లజోడు ఖరీదు

మధ్యాహ్నం మూడు కావస్తోంది. బాలి దీవి దక్షిణాన జింబరన్‌లో మీరు దిగిన గది. కింద కారు వచ్చి నిలబడింది. పొద్దు గుంకేలోపు ఉలువాటు గుడికి చేరాలి. అందరూ చెప్పులేసుకుంటున్నారు. ఒక్క పది నిమిషాలు ఆగండి. ఈ పూట ఏం పోతుందో ఏం మిగులుతుందో చాలావరకు ఈ గదిలోనే తేలిపోతుంది.

బీరువా తెరవండి. కింది అరలో నంబర్లు నొక్కే చిన్న లాకరుంది. ముందు దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగి చూడండి. గోడకో చెక్కకో బోల్టులతో బిగించి ఉండాలి. చేతిలోకి వచ్చేస్తే మాత్రం అన్నీ ఒకచోట సర్ది దొంగకు అందించినట్టే. తరవాత మీ నంబరు పెట్టి, తలుపు మూసి, ఈసారి నాలుగు సున్నాలు కొట్టండి. నాలుగు ఒకట్లు కొట్టండి. కంపెనీ నుంచి వచ్చిన నంబరు మార్చకుండా వదిలేసిన లాకర్లు కొన్నిచోట్ల ఉంటాయి. అలా తెరుచుకుంటే మొహమాటపడకుండా కిందికి ఫోన్ చేసి, పెట్టె మార్పించండి.

తెరుచుకోలేదు. మంచిది. పాస్‌పోర్టులన్నీ లోపల పెట్టండి. వాటి జిరాక్సులు సంచిలో, ఫొటోలు ఫోన్లో, ఇంకో సెట్టు ఊళ్లో ఉన్నవాళ్ల ఈమెయిల్లో ఉండాలి. స్కూటరు అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే జిరాక్సు చూపించండి, కాదంటే పక్క దుకాణానికి వెళ్లండి. కార్డులు రెండుంటే ఒకటి లాకర్లో, ఒకటి జేబులో.

ఇప్పుడు ఫోన్ల సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది. మీ బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ము, ఫొటోలు తీసే ఫోను ఒకటే అయితే, ఆ ఒక్కటి పోయిన క్షణాన మీ కార్డును ఆపించడానికి కావలసిన దారి కూడా దాంతోనే పోతుంది. ఇంట్లో నలుగురు వచ్చారు కదా. బ్యాంకు సిమ్మున్న ఫోను ఈ పూట గదిలోనే ఉండనివ్వండి. బయటికి తీసుకెళ్లేది ఇంకొకటి.

పిన్ని అద్దం ముందు నిలబడి గాజులు సర్దుకుంటోంది. తీసేయమంటే చేయి వెనక్కి లాక్కుంది.

“పెళ్లినాటివి నాన్నా, బోసిచేతులతో గుడికేం వస్తాను?”

బంగారం అసలు ఊరినుంచే తీసుకురాకపోతే మేలు. తెచ్చారు కాబట్టి, బయల్దేరేటప్పుడు మన విమానాశ్రయం కస్టమ్స్‌లో చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుని ఉంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలుండవు. ఆవిడతో వాదించకండి. చెల్లెలి దగ్గరున్న మట్టిగాజులు తొడగండి. బంగారువి లాకర్లోకి, మెడలోది జాకెట్టు లోపలికి. అదిగో, ఒప్పుకుంది.

కారు గుడి ఉన్న పెకాటు వైపు మళ్లుతుంది. దారిపొడుగునా స్కూటర్లు, సర్ఫింగ్ బల్లలు, రంగు గొడుగులు. ఇక్కడా మనలాగే ఎడమవైపు ట్రాఫిక్కు. కారు దిగి రోడ్డు వెంట నడవాల్సి వస్తే, కుడివైపు అంచున, ఎదురుగా వచ్చే బళ్లు కనిపించేలా నడవండి. కూటా, సెమిన్యాక్, చాంగు వీధుల్లో ఫోన్లు లాక్కుపోయేది వెనకనుంచి వచ్చే స్కూటర్లే. దారి చూసుకోవడానికి ఫోను చేతిలో ఎత్తిపట్టుకుని రోడ్డు అంచున నిలబడే మనిషే వాళ్లకు కావాలి. మ్యాపు చూడాలంటే ఒక దుకాణం గుమ్మం ఎక్కి, గోడకు వీపు ఆనించి చూడండి. స్కూటరు మీరే నడుపుతుంటే సంచి భుజానికి వద్దు, సీటు కింద పెట్టెలో వేయండి. భుజాన అడ్డంగా వేసుకున్న సంచి పట్టి లాగితే సంచితో పాటు మనిషీ పడతాడు.

రోడ్డు పక్కన ఒక బట్టల కొట్టు, దాని ముందు డబ్బు మార్పిడి బోర్డు. రేటు అందరికన్నా ఎక్కువగా రాసి ఉంది. తమ్ముడి కళ్లు మెరిశాయి. “ఇక్కడే మారుద్దాం, లాభం!” సరే, లోపలికి వెళ్లి చూడండి, నేర్చుకోవడానికి పనికొస్తుంది.

బల్ల వెనక కుర్రాడు నవ్వుముఖంతో రెండు వంద డాలర్ల నోట్లు తీసుకున్నాడు. ముప్ఫై లక్షల పైచిలుకు రుపియాలు రావాలి. ఇండోనేసియాలో అన్నిటికన్నా పెద్ద నోటు లక్ష. ఆ ఎర్రనోట్లు అయిపోయాయట. యాభైవేలవి, ఇరవైవేలవి కట్టలు కట్టలుగా బల్ల మీదికి వచ్చాయి. అన్ని సున్నాలు, అన్ని కుప్పలు. లెక్కపెట్టి చూస్తే సరిగ్గానే ఉంది. కుర్రాడు “ఇంకొక్కసారి” అంటూ కట్టనంతా దగ్గరికి తీసుకుని, అంచులు సమంగా రావాలని బల్లకు తట్టాడు. ఇప్పుడు అతని ముఖం చూడకండి, బొటనవేలు చూడండి. కట్ట అడుగునుంచి నాలుగైదు నోట్లు బల్ల అవతలికి, ఒడిలోకి జారాయి. పైన చేయి కదలనే లేదు.

డబ్బు మీద చివరగా పడే చేయి మీదే కావాలి. మీరు లెక్కపెట్టాక అతను ముట్టుకుంటే, మళ్లీ మొదటినుంచి మీరే లెక్కపెట్టండి. కేకలు వేయక్కర్లేదు. “వద్దు, మా డాలర్లు ఇచ్చేయండి” అంటే చాలు, ఇచ్చేస్తాడు. బ్యాంక్ ఇండోనేసియా అనుమతి బోర్డుండి, గాజు కౌంటరు వెనక రసీదు ఇచ్చేచోట రేటు కాస్త తక్కువైనా అక్కడే మార్చండి. లేదా బ్యాంకు శాఖ లోపలి ఏటీఎంకి వెళ్లండి. కొన్ని మిషన్లు ముందు డబ్బిచ్చి ఆ తరవాతే కార్డు వదులుతాయి. నోట్లు చేతికి రాగానే వెనక్కి తిరగకండి.

ఇక ఉలువాటు.

కారు దిగగానే ఉప్పుగాలి ముఖాన కొడుతుంది. మోకాళ్లు కనిపిస్తున్న తమ్ముడికి గుమ్మం దగ్గర ఊదారంగు సరాంగు చుట్టారు, మిగతావాళ్లకు నడుముకు పట్టీ కట్టారు. సముద్రానికి సుమారు 70 మీటర్ల ఎత్తున, కొండకొమ్ము అంచున పురా లుహుర్ ఉలువాటు. బాలిని కాపాడతాయని అక్కడివాళ్లు నమ్మే ఆరు ముఖ్యమైన గుళ్లలో ఇదొకటి. 11వ శతాబ్దపు ఎంపు కుతురాన్ పేరు, తరవాతి కాలపు పూజారి నిరార్థ పేరు ఈ గుడి కథలో వినిపిస్తాయి. గర్భాలయం వైపు పూజ చేసేవాళ్లకే ప్రవేశం. మనం నడిచేది కొండ అంచున గోడ వెంట ఉన్న బాట మీద.

ఆ గోడ మీదే ఉన్నాయి కోతులు. పొడుగు తోకలు, బూడిదరంగు, నెత్తిన చిన్న పిలక. అహోబిలంలోనో సింహాచలం మెట్ల మీదో కోతులతో పరిచయం ఉన్నవాళ్లకు చెయ్యి వెంటనే ప్రసాదం సంచి మీదికి పోతుంది. ఇక్కడ సంచిలో అరటిపండు దాచి లాభం లేదు. మన కోతి తినేదాన్ని లాక్కుంటుంది. ఈ కోతి తినలేనిదాన్ని లాక్కుంటుంది.

అందుకని కారు దగ్గరే ఒలిచేయండి. కళ్లజోళ్లు, టోపీలు, చెవి జూకాలు, జుట్టు క్లిప్పులు, అన్నీ జిప్పున్న సంచిలోకి. ఆ సంచి వీపు మీద కాదు, పొట్టమీదికి తిప్పి వేసుకోండి. రబ్బరు చెప్పులు కూడా వద్దు, కాలినుంచే లాగేస్తాయి. వెనక పట్టీ ఉన్నవి తొడుక్కోండి. ఫోను జేబులో అడుగుకి.

“కళ్లజోడు తీస్తే నాకు మెట్లే కనపడవు నాన్నా” అంది పిన్ని.

చేయి పట్టుకుని నడిపించండి. సముద్రం ఎలా ఉందో మీరు చెబుతూ ఉండండి. తాడు కట్టుకుని మెడలో వేలాడదీస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. లాగితే తాడు మెడకే బిగుస్తుంది.

బాట మలుపులో ఒక పర్యాటకుల జంట. ఆయన ఆరడుగుల మనిషి, గోడకు వీపు పెట్టి నిలబడ్డాడు. భార్య ఫొటో తీస్తోంది. గోడ వెంట వెనకనుంచి ఒక మగకోతి వస్తోంది. తొందరలేదు, అటూ ఇటూ చూసుకుంటూ, ఎవరితోనూ పనిలేనట్టు. మీరు అరిచేలోపే దాని చేయి ఆయన భుజం మీద, రెండోది కళ్లజోడు కాడ మీద. అయిపోయింది. రెండు గెంతుల్లో గోడ అవతలి రాతిచూరు మీద కూచుంది. దాని వెనక ఇంకేమీ లేదు, గాలి, కింద తెల్లటి నురగ.

ఆయన చేయి చాచబోయాడు. వద్దని చెప్పండి, గట్టిగానే చెప్పండి. 2008 నుంచి బాలిలో రేబిస్ ఉంది. కోతి కరిచినా రక్కినా పుండును సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ఏ కళ్లజోడూ అంత ఖరీదు చేయదు.

గుడి మనిషి ఒకాయన వచ్చాడు, చేతిలో చిన్న సంచి. కేక వేయలేదు, కర్ర ఎత్తలేదు. ఒక పండు ముక్క విసిరాడు. కోతి చూసింది, ముట్టుకోలేదు. కాడ చివర నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. ప్లాస్టిక్ విరిగిన చప్పుడు మీకు వినిపించింది. ఇంకో పండు. అది తీసుకుంది, కళ్లజోడు వదల్లేదు. ఆయన నవ్వి, సంచిలోంచి రంగుకాగితం పొట్లం తీసి చూపించాడు.

ఈ బేరం మీద పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫానీ బ్రోకోర్న్ బృందం 2017లో, కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బాప్టిస్ట్ లెకా బృందం 2021లో తమ ఫలితాలు ప్రకటించారు. దొంగిలించి, తిండికి బదులు తిరిగిచ్చే ఈ అలవాటు ఉలువాటు కోతులకే ప్రత్యేకమని, పుట్టుకతో రాదని, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయని తేల్చారు. నాలుగేళ్లలోపు పిల్లకోతులు చేతికందింది లాక్కుంటాయి. పెద్దవి అలా కాదు. జుట్టు క్లిప్పుకు ఎంత, ఫోనుకు ఎంత అన్నది వాటికి తెలుసు. మనుషులు దేనికి ఎక్కువ విలవిల్లాడతారో అదే ఎంచుకుంటాయి, దానికి ఎక్కువ తిండి అడుగుతాయి, నచ్చిన తిండి వచ్చేదాకా ఆగుతాయి.

అది చదివినప్పటినుంచీ నాకు దొంగతనం అనేది వేరుగా కనిపిస్తోంది. కోతికి కళ్లజోడుతో పనిలేదు. ఆ కళ్లజోడు లేకుండా మీకు ఎంతసేపు గడవదో దానిమీదే దాని బేరం. ఇందాకటి కుర్రాడు ఆడుకున్నది మీ తొందరతో. తాకట్టు అడిగేవాడు పట్టుకునేది పాస్‌పోర్టు లేకుండా కదలలేని మీ స్థితిని. అందుకే నేను తాళాలకన్నా రెండో కళ్లజోడును ఎక్కువ నమ్ముతాను. రెండో కార్డు, రెండో ఫోను, ఇంకోచోట ఉన్న జిరాక్సు. అవి ఉన్నవాడు బేరంలో ఆగగలడు, కాదని నడిచిపోగలడు కూడా.

కోతి పొట్లం అందుకుని కళ్లజోడు రాతి మీద పడేసింది. గుడి మనిషి వంగి తీసి ఇచ్చాడు. ఒక కాడ లేదు, ఒక అద్దం అడ్డంగా పగిలింది. ఆయన చేతిలో ఒక నోటు పెట్టడం మర్యాద. ఆ జంట పెట్టారు.

ఆరింటికి కొండ అంచున గుండ్రటి రంగస్థలంలో కెచాక్ నృత్యం మొదలైంది. నడుమున గళ్లపంచెలు కట్టిన పదుల మంది మగవాళ్లు “చాక్ చాక్ చాక్” అంటూ గొంతులతోనే తాళం వేస్తుంటే, మధ్యలో మన రామాయణం. 1930లలో బాలి నర్తకులు, అక్కడే స్థిరపడిన వాల్టర్ స్పీస్ అనే చిత్రకారుడు కలిసి దీనికి ఇప్పటి రూపం తెచ్చారు. చీకటి పడ్డాక కోతులు చెట్లెక్కేశాయి. పిన్నికి కళ్లజోడు ఇవ్వండి. హనుమంతుడి వేషగాడు జనం మధ్యకు దూకి వచ్చి ఎవరి నెత్తినో చేయి పెడితే పిన్ని పగలబడి నవ్వుతోంది.

ఆట అయ్యాక జనమంతా ఒకే బాటన బయటికి. ఇక్కడ జేబులు చూసుకోండి. సంచి ముందుకే ఉండాలి, పిల్లల చేతికి ఫోను టార్చి ఇవ్వకండి. ఏదైనా పోయిందని తెలిస్తే పోలీసులకు 110. ముందు కార్డు ఆపించాలి, తరవాత పోలీసు రిపోర్టు రాయించుకోవాలి. పాస్‌పోర్టే పోతే ఆ రిపోర్టు పట్టుకుని డెన్‌పసార్‌లోని భారత కాన్సులేట్‌కు వెళితే ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

పార్కింగులో ఆ జంట స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు. ఆయన ఒంటికాడ కళ్లజోడును చేత్తో ముక్కుకు నొక్కి పట్టుకుని తాళంచెవి పెట్టబోతున్నాడు. వేరే జోడు తెచ్చుకోలేదట. భార్యకు బండి నడపడం రాదు. పెకాటు దారి మలుపులు, వీధిదీపాలు అంతంతమాత్రం. మీ డ్రైవరు వాళ్లను చూసి, మిమ్మల్ని చూశాడు.

“వెనక సీట్లో చోటుందిగా, రమ్మను” అంది పిన్ని.

స్కూటరు హ్యాండిల్‌కు తాళం వేసి, సీటు కింద ఉన్నవన్నీ తీసుకుని రమ్మనండి. అద్దెకిచ్చినవాడికి ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టించండి. బండిని పొద్దున్నే వచ్చి తీసుకెళ్లవచ్చు.