జీపును మోసే బండికి ముందు బరువెంత?

1914లో డెట్రాయిట్‌లో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారికి ఒక చిక్కు వచ్చింది. తన పడవను మిషిగన్ ఎగువన ఉన్న సరస్సు దాకా తీసుకెళ్లాలి. చేతిలో ఉన్నది ఫోర్డ్ మోడల్ టి కారు, దాని మీద పడవ పట్టదు. అదే ఊళ్లో కొలిమి నడుపుతూ బండ్లు తయారుచేసే ఆగస్ట్ ఫ్రూహాఫ్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. ఫ్రూహాఫ్ రెండు చక్రాల బండి ఒకటి చేసి కారు వెనుక తగిలించాడు. పడవ బరువులో కొంత ఆ చక్రాల మీద, కొంత కారు మీద పడేలా అమర్చాడు. పని ఎంత చక్కగా కుదిరిందంటే, కలప మోయడానికి కూడా అలాంటి బండ్లే కావాలని సిబ్లీ మళ్లీ వచ్చాడు. 1918 నాటికి ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీ వెలిసింది.

సరదా కోసం వాడే ఒక వాహనాన్ని ఇంకో వాహనంతో లాక్కెళ్లే అలవాటుకు ఇది తొలి అడుగుల్లో ఒకటి. బరువులో ఎంత ముందుకు ఆనాలి అన్న ప్రశ్న ఆ రోజూ ఉంది. జీపును ట్రైలర్ మీద ఎక్కించి కొండదారులకు తీసుకెళ్లే ప్రతివాళ్లూ నేటికీ ఎదుర్కొనే ప్రశ్న అదే.

ఎడ్లబండి కట్టిన తెలుగు రైతుకు ఇందులో సగం సంగతి తరతరాలుగా తెలుసు. బస్తాలు ఇరుసుకు మరీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, మెడ కాయకట్టి పుండు పడుతుంది. వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పలుపు గొంతు నొక్కుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు బండివాడు నొగల మీదికి జరిగి కూర్చునేది అందుకే. ట్రాక్టర్ ట్రక్కుకు వరిగడ్డి ఎత్తేవాళ్లూ ఇదే చూసుకుంటారు. అయితే ఎడ్లు నడిచేది మనిషి నడకతోనే. అంత నెమ్మదిలో తప్పు జరిగితే ఎద్దుకు బాధ, అంతే. కారు వేగం వచ్చాక ఆ తప్పే ప్రాణాల మీదికి రావడం మొదలైంది. ఆ మిగతా సగం పాఠం నేర్వడానికి అమెరికాకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

జీపు చరిత్రలోనూ ట్రైలర్ మొదటినుంచీ ఉంది. పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ తొలి నమూనా జీపును 1940 సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ పోయాయి. జీపును కన్న బాంటమ్ చివరికి జీపు వెనుక తగిలించే పావు టన్ను ట్రైలర్లు చేస్తూ యుద్ధకాలం గడిపింది. ఆ కంపెనీకి జరిగింది అన్యాయమే. కానీ దాని ట్రైలర్ మంచి పనితనానికి గుర్తుగా మిగిలింది. దానికి జీపు చక్రాలే, జీపు టైర్లే సరిపోయేవి. నీళ్లలోకి దింపితే తేలేది కూడా.

యుద్ధం అయ్యాక సైనికులు ఇళ్లకు చేరారు, జీపులు జనంలోకి వచ్చాయి. 1948లో ఆర్థర్ వార్న్ ముందు చక్రాలను అవసరం లేనప్పుడు విడదీసే హబ్‌లు తయారుచేయడంతో జీపు హైవే మీద కూడా ఓ మాదిరిగా నడిచేది. 1953లో కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ నుంచి రూబికాన్ అనే కొండదారిలో జీపర్స్ జాంబోరీ అనే జీపు యాత్ర మొదలైంది. 1967లో యూటాలోని మోయాబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ మొదలైంది. తొలినాళ్లలో వాటికి చాలామంది జీపును నడుపుకుంటూ వెళ్లేవారు. దూరమైతే ముందు బంపర్‌కు ఇనుప కడ్డీ బిగించి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి, పెద్ద కారు వెనుక ఈడ్చుకెళ్లేవారు.

తర్వాత జీపులే మారిపోయాయి. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన సస్పెన్షన్, రాళ్లెక్కడానికి తగ్గ గేర్లు వచ్చాక అవి హైవే మీద గంటల తరబడి నడపడానికి పనికిరాకుండా పోయాయి. పైగా దారిలో యాక్సిల్ విరిగితే ఇల్లు చేరేదెలా? ట్రైలర్ ఉంటే విరిగిన జీపు కూడా ఇంటికొస్తుంది. జీపును నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా మోసే ట్రైలర్ వాడుకలో స్థిరపడడానికి ఇంతకంటే బలమైన కారణం కనిపించదు.

అమెరికాలో స్థిరపడిన లెక్క ఇది. ట్రైలర్, దాని మీది సరుకు కలిపిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, లాగే బండి వెనుక ట్రైలర్‌ను తగిలించే ఇనుప గుండు (హిచ్ బాల్) మీద పడాలి. ముందు బరువంటే ఇదే. వినడానికి వెసులుబాటు ఎక్కువే అనిపిస్తుంది. 1,800 కిలోల జీపు, 700 కిలోల ట్రైలర్ అనుకుందాం. మొత్తం 2,500 కిలోలు. ముందు బరువు 250 నుంచి 375 కిలోల మధ్య ఉండాలి. బాల్‌కూ ట్రైలర్ ఇరుసులకూ మధ్య నాలుగు మీటర్ల దూరం ఉంటే, జీపును 20 సెంటీమీటర్లు ముందుకు జరిపినా బాల్ మీద 90 కిలోలు పెరుగుతుంది. అంటే సరైన చోటు మొత్తం అడుగు లోపే. ముందు బంపర్‌కు వించ్, వెనుక తలుపుకు అదనపు టైరు, డిక్కీలో పనిముట్లు, పెట్రోలు డబ్బాలు... ఏది చేరినా, ఏది తీసినా ఆ చోటు జరుగుతుంది. జీపును ఎక్కడ నిలపాలో గుర్తుగా నిరుడు ట్రైలర్ మీద గీసుకున్న సున్నపు గీత ఈ ఏడు పనికొస్తుందన్న నమ్మకం లేదు.

తూచే పద్ధతి మాత్రం ఇంట్లోనే ఉంది. సమతలమైన నేల మీద ఒక గట్టి చెక్క అడ్డంగా వేస్తారు. దాని ఒక చివర ఇటుక మీద, రెండో చివర బాత్‌రూమ్ స్కేలు మీద ఆనుతుంది. ఇటుక వైపు నుంచి ఒక అడుగు, స్కేలు వైపు నుంచి రెండడుగుల దూరంలో ట్రైలర్ ముక్కును చెక్క మీదికి దించుతారు. స్కేలు చూపిన అంకెను మూడుతో హెచ్చిస్తే ముందు బరువు తేలుతుంది. చెక్క వల్ల స్కేలు మీద పడే బరువును హెచ్చించే ముందే తీసేయాలి. స్కేలు 60 చూపిస్తే బాల్ మీద 180 కిలోలు ఉన్నట్టు. పై ఉదాహరణకు అది చాలదు, జీపును ముందుకు జరపాల్సిందే.

చాలకపోతే ఏమవుతుంది? వెనక బరువెక్కువైన ట్రైలర్ తక్కువ వేగంలో బుద్ధిగానే వస్తుంది, మోసం అక్కడే ఉంది. ఒక వేగం దాటాక, పక్కనుంచి లారీ గాలి తగిలినా, లేన్ మారినా ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది. సరైన ముందు బరువుంటే ఆ ఊపు రెండు మూడు సార్లకు సద్దుమణుగుతుంది. లేకపోతే ఒక్కో ఊపుకూ పెరుగుతుంది. చివరికి లాగే బండిని కూడా రోడ్డుకు అడ్డం తిప్పేస్తుంది. ఊపు మొదలైతే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకూడదు. యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకులను మాత్రమే చేత్తో పట్టాలి.

ముందు బరువు మితిమీరినా ముప్పే. వెనుక చక్రాలు కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ మాట వినదు. హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు వదిలి చెట్ల మీదికి పోతుంది. స్ప్రింగు కడ్డీలతో కొంత బరువును లాగే బండి ముందు చక్రాలకూ, ట్రైలర్ ఇరుసులకూ పంచే హిచ్‌లు వచ్చింది దీనికోసమే.

ఇంత జరిగినా చాలాకాలం ఎవరి లెక్క వారిదే. ఏ బండి ఎంత లాగగలదో ప్రతి కంపెనీ తన పద్ధతిలో తానే చెప్పుకునేది. 2008లో వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం తెచ్చింది. ముందుగా పాటించింది టయోటా, 2011 మోడళ్లతో. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు దారే దాని పరీక్షకు కొలబద్ద. కింద ఎండ కనీసం 38 డిగ్రీలు, ఏసీ పూర్తిగా పెట్టి, వెనుక నిండు ట్రైలర్‌తో నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. మామూలు ట్రైలర్‌కు ముందు బరువు 10 శాతంగా పెట్టి చూస్తారు. కమ్మరి కొలిమిలో మొదలైన అంచనా అలా అచ్చులో నిబంధనగా మారింది. ఈ పని ఇంకా ముందే జరగాల్సింది. అయితే ఇది అమెరికా లెక్క. ఐరోపాలో బాల్ మీద పడే బరువు పరిమితి చాలా కార్లకు 75 నుంచి 100 కిలోలే. అక్కడ ట్రైలర్ల వేగానికి కళ్లెం గట్టిగా ఉంటుంది, జర్మనీలో మామూలుగా గంటకు 80 కిలోమీటర్లే.

సొంత ట్రైలర్ లేనివాళ్లకు అద్దె ట్రైలర్లు ఉన్నాయి. 1945లో ట్రైలర్లు అద్దెకిచ్చే యు-హాల్ కంపెనీ పెట్టిన శామ్ షోయెన్, ఆయన భార్య అన్నా మేరీ ఇల్లు మారేటప్పుడు ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలే ట్రైలర్ దొరక్క ఇబ్బంది పడ్డారు. ఆ అనుభవమే వాళ్ల వ్యాపారమైంది. ఈ రోజు డాలస్ నుంచి సియాటిల్‌కు ఇల్లు మారే తెలుగు కుటుంబాలు కూడా కారును ఆ ట్రైలర్ల మీదే ఎక్కిస్తున్నాయి. వాహనం ముఖం ముందుకే ఉండాలనీ, గంటకు 55 మైళ్లు దాటొద్దనీ ఆ కంపెనీ పెట్టిన నియమాలు పైకి చాదస్తంలా కనిపించవచ్చు. దయచేసి వాటిని తోసిపుచ్చకండి. పట్టీలు గట్టిగా బిగించండి, కొద్ది మైళ్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగువు చూడండి. సొంత ట్రైలర్ మీద జీపును తీసుకెళ్లేవారైతే ముందు, వెనుక రెండేసి పట్టీలు బిగించండి, ప్రతి ప్రయాణానికీ ముందు స్కేలు తీసి తూచండి.