ఎర్రచందనం పరిరక్షణ స్థితి - అంచనా విధానం

ఎర్రచందనం దక్షిణ తూర్పు కనుమలలోని శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల అడవులలో సహజంగా పెరిగే అరుదైన వృక్షం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన రెడ్ లిస్ట్‌లో దీనిని 2018లో 'ముప్పునకు చేరువలో ఉన్న' వర్గానికి మార్చి, 2021 అంచనాలో తిరిగి 'అంతరించే ప్రమాదంలో ఉన్న' వర్గంలో చేర్చింది.

వర్గ నిర్ణయానికి చెట్ల సంఖ్య ఒక్కటే ప్రాతిపదిక కాదు. మూడు తరాల కాలంలో పక్వ వృక్షాలు కనీసం 50 శాతం క్షీణించి, అందుకు కారణాలు కొనసాగుతుంటే ఈ వర్గం వర్తిస్తుంది. ఎర్రచందనం నెమ్మదిగా పెరుగుతుంది. చేవ కొరకు పెద్ద చెట్లనే నరుకుతున్నందున, లేత మొక్కలు కనిపించినంత మాత్రాన నష్టం పూడినట్లు భావించరాదు.

రెడ్ లిస్ట్ శాస్త్రీయ అంచనాయే గాని చట్టం కాదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని 1995 నుండి సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధం నియంత్రిస్తున్నది. వార్తలలోను, నివేదికలలోను ఈ రెండింటిని వేర్వేరుగా పేర్కొనవలసి ఉంటుంది.