నోరు తెరిచి చూపిన చరిత్ర

మా మామ్మ పెదవి పక్కన పుట్టుమచ్చ ఉండేది. దాని ఫలం గురించి ఊరంతా మాట్లాడేవారు. ఆమె అంగిలి మీద మచ్చ ఎవరికీ కనిపించలేదు. ముద్ద మింగలేని స్థితి వచ్చాకే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికే ఆలస్యమైంది.

మామ్మ అడ్డపొగ తాగేది. వెలిగించిన చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇది ఎక్కువగా శ్రామిక స్త్రీల అలవాటు. "గాలికి ఆరిపోదు, చాలాసేపొస్తాది" అనేది మామ్మ. నాట్లు వేసే చేతులకు చుట్ట పట్టుకునే తీరికేదీ? పైగా మగవాళ్ల ఎదుట నిప్పు కనబడకుండా దాచుకోవచ్చు.

ఈ స్త్రీల గురించి సాహిత్యంలో వెతికిన నాకు వాళ్లు వైద్యపత్రికల్లో దొరికారు. ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే అలవాట్లకూ కాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి రాశారు. పంచెకట్టు ఒరుసుకునే నడుము దగ్గర వచ్చే చర్మకాన్సర్ ఆ వ్యాసంలోదే. తర్వాత పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో.

అంగిలి తెల్లబడి మందమవడం, ఎర్రటి చుక్కలు, పుండ్లు - అన్నీ నమోదయ్యాయి. జీవితమంతా "నోర్ముయ్" అనిపించుకున్న స్త్రీలను నోరు తెరవమన్నది వైద్యుడొక్కడే. అదీ మాట కోసం కాదు, మచ్చ కోసం. వాళ్ల శ్రమ, పేదరికం, చాటు "అలవాటు" అనే ఒక్కమాటలో కలిసిపోయాయి.

అయినా ఆ పరిశోధనను తోసిపుచ్చలేను. శ్రీకాకుళంతోపాటు కేరళ, గుజరాత్‌లలో 36,000 మంది పొగాకు వాడేవారితో జరిగిన అధ్యయనం 1986లో వెలువడింది. ఎదురుగా కూర్చుని నచ్చజెప్పిన చోట ఎక్కువమంది మానేశారు, కొత్త మచ్చలు తగ్గాయి. అంటే మామ్మతో కూర్చుని మాట్లాడేవాళ్లు ఉండి ఉంటే...

పుట్టుమచ్చ విషయమూ ఇంతే. దాని ఫలం కాదు, మార్పు చూడాలి. రెండు సగాలూ పొంతన లేకుండా ఉన్నా, అంచు చెదిరినా, రంగులు కలిసినా, ఆరు మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా వైద్యులకు చూపించాలి. నల్లని ఒంటికి చర్మకాన్సర్ రాదనుకోకూడదు. మనవాళ్లలో మెలనోమా తరచు అరికాలిలో, గోటికింద దాక్కుంటుంది. చెప్పుల్లేకుండా మళ్లలో దిగే స్త్రీ అరికాలు ఎవరు చూస్తారు?

అమ్మ అరికాళ్లూ అంగిలీ ఈమధ్యే చూశాను. "ఏటే, ఇప్పుడు చూత్తన్నావు?" అంది. నా దగ్గర జవాబు లేదు.