లక్కపిడతల ఇంటినుంచి రైలుబండి

మొన్నటి సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. ఆరేళ్ల మా మనవరాలు దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, అంతా పరకాయించి చూసి, "అమ్మమ్మా! ఊరుంది, గుడుంది, బావుంది. మరి రైలేదీ?" అంది.

"ఆడపిల్లకి రైలెందుకే తల్లీ! లక్కపిడతలున్నాయిగా, ఆడుకో" అన్నారు మా వదినగారు. మావారి అక్కగారావిడ. ఎనభై దాటాయి. మాటవరసకి అన్నదే గాని, పిల్ల మొహం చిన్నబోయింది. నాకూ ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. నా చిన్నతనంలోనూ అంతే కదా! మా అన్నయ్యకి కీ ఇచ్చే రైలు, నాకు లక్కపిడతలు.

మావారికి రైళ్ల పిచ్చి పాతదే. బీరువాలో ఒక అర నిండా ఆ పుస్తకాలే. ఇన్నేళ్లూ దుమ్ము దులపడానికి తప్ప వాటిని ముట్టుకోని నేను, ఆ రాత్రి ఒకటి తెరిచాను. చదువుతుంటే నవ్వాగలేదు. ఇంట్లో పట్టాలు పరుచుకుని నడుపుకునే రైలు, మూలానికి వెళ్లి చూస్తే, ఆడపిల్లల బొమ్మ వంటింట్లోంచే వచ్చిందండీ!

జర్మనీలో గోపింగెన్ అని ఒక ఊరుంది. అక్కడ థియోడార్ మార్క్లిన్ అనే రేకుపనివాడు 1859లో ఒక చిన్న వ్యాపారం మొదలెట్టాడు. చేసిందేమిటనుకున్నారు? ఆడపిల్లలు ఆడుకునే వంటింటి సామాను. బుల్లి బుల్లి రేకు గిన్నెలూ, పళ్లేలూను. ఆయన తయారుచేస్తే, ఆయన భార్య కరోలిన్ ఆ సరుకు పట్టుకుని దక్షిణ జర్మనీలోనూ, స్విట్జర్లాండులోనూ ఊరూరా తిరిగి అమ్ముకొచ్చేది. ఆ రోజుల్లో ఒక ఇల్లాలు బేరానికని ఊళ్లు తిరగడమంటే మాటలా!

1866లో భర్త పోయాడు. ఇంట్లో పిల్లలు. కొట్టుకు తాళం వేసేసి ఎవరి పంచనో చేరితే ఆవిణ్ణి తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. కాని ఆవిడ ఆ పని చెయ్యలేదు. కష్టమో నిష్ఠూరమో, 1888లో కొడుకుల చేతికి అందేదాకా ఆ వ్యాపారం ఆరిపోకుండా కాపాడింది.

ఇంతకీ బొమ్మ వంటింటి వ్యాపారంలో ఒక కిటుకుంది. సామానంతా ఒక్కసారే ఎవరూ కొనరు. ఈ పుట్టినరోజుకి పొయ్యి, వచ్చే పండక్కి గిన్నెలు, ఆపైన గరిటెలు. వంటిల్లు ఎప్పటికీ నిండదు, కొనడమూ ఆగదు. మన వంటిళ్లూ అంతే కదా! కరోలిన్ కొడుకులు ఈ సూత్రాన్నే రైలుకి పట్టించారు.

అంతకుముందు బొమ్మ రైళ్లు లేకపోలేదు. తాడు కట్టి లాగేవీ, కీ ఇస్తే నేలమీద పరుగెత్తేవీ ఉండేవి. మార్క్లిన్ వారు 1891లో లైప్జిగ్ సంతకి తెచ్చింది మాత్రం వేరు. 8 అంకె ఆకారంలో పట్టాలు, వాటిమీద కీ ఇస్తే నడిచే రైలు. పట్టాల వెడల్పులకి వరసగా నంబర్లు కూడా పెట్టారు. ఈ ఏడు గుండ్రటి దారి కొనుక్కుంటే, పైయేడు ఇంకో నాలుగు ముక్కలూ, ఒక స్టేషనూ కొని కలుపుకోవచ్చన్నమాట.

తరవాత కరెంటు వచ్చింది. అమెరికాలో జాషువా లయనెల్ కవెన్ 1901లో ఒక చిన్న కరెంటు బండి చేశాడు. కొట్టు అద్దాల వెనక తిరుగుతూ జనాన్ని ఆకర్షించాలని దాని ఉద్దేశం. తీరా చూస్తే, జనం కొట్లో సరుకు వదిలేసి ఆ బండే కావాలన్నారట! ఆ లయనెల్ రైళ్లు తరవాత అమెరికాలో ఇంటింటి పేరయ్యాయి. ప్రకటనల్లో మాత్రం ఎక్కువగా తండ్రీ కొడుకులే కనిపించేవారు.

1957లో వాళ్లకి ఆడపిల్లలు జ్ఞాపకం వచ్చారు. గులాబీరంగు ఇంజను, దాని వెనక లేత నీలం, లేత పసుపు, వంగపండు రంగు పెట్టెలు తయారుచేసి అమ్మకానికి పెట్టారు. ఎవరూ కొనలేదు! రైలంటే ఎవరికైనా రైలులాగే ఉండాలి గాని, పేరంటానికి బయల్దేరినట్టుంటే ఏం బావుంటుంది? విచిత్రమేమిటంటే, అప్పుడు కొట్లలో పడి ఉన్న ఆ రైలుకోసం ఇప్పుడు పాతవస్తువులు సేకరించేవాళ్లు ఎగబడుతున్నారు.

ఈ కథంతా మర్నాడు కాఫీల దగ్గర మావారికి చెప్పాను. "అయితే మొదలెడదామా?" అన్నారు. అడిగినంత ఆలస్యం!

ఇళ్లలో ఎక్కువగా నడిచేది హెచ్.ఓ. అనే సైజు. పూర్వం ఓ సైజు ఉండేది. దాన్ని సగం చేశారు కనక ఆ పేరు. అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఐదడుగుల మనిషి ముప్పావు అంగుళం కూడా ఉండడు. ఆ లెక్కన ఒక కిలోమీటరు దూరానికి పదకొండున్నర మీటర్లు కావాలి. అంత హాలు మనకెక్కడిది? అందుకని దూరాలు కుదించి, ఒక కొండా, ఒక సొరంగం అడ్డం పెట్టి, రైలు ఎక్కడికో వెళ్లొచ్చినట్టు భ్రమ కల్పిస్తారు. ఇంటి కరెంటుని ట్రాన్స్‌ఫార్మరు 12 వోల్టులకు దించితే, అది పట్టాల్లోంచే ఇంజనుకి అందుతుంది.

మావారు ప్లైవుడ్ బల్ల చేయించి గోడకి ఆనించి పెట్టారు. పట్టాలు గుండ్రంగా తిరిగి రావాలంటే బల్ల మూడడుగుల వెడల్పయినా ఉండాలి. మొదటిరోజే అవతలి మూల సొరంగంలో రైలు పట్టాలు తప్పింది. చెయ్యి అందదే! "వంటింట్లో అందని అటకమీద రోజూ వాడే డబ్బా ఎవరైనా పెడతారా?" అన్నాను. రెండున్నర అడుగులు దాటితే మనిషి చెయ్యి సుఖంగా అందదు. బల్లని గోడనుంచి ఇవతలికి జరిపాం.

కొండకి పాత పేపర్లూ, మైదా జిగురూ సరిపోయాయి. పొలాలకి కొలువులోలాగ మెంతులు చల్లుదామంది పిల్ల. తడి తగిలితే పట్టాలు పాడవుతాయని, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు అద్ది ఆరబెట్టి చల్లించాను.

వేసవి సెలవులకి వదినగారు మళ్లీ వచ్చారు. అప్పటికి మనవరాలు తన లక్కపిడతలన్నీ తెచ్చి గూడ్సు పెట్టెలకెక్కిస్తోంది. ఒక్కొక్క పిడతా స్టేషనంత ఉంది. 87వ వంతు లెక్క చెప్పబోయిన మావారిని కళ్లతోనే ఆపాను. వదినగారు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"నెమ్మదిగా పోనీవే, మలుపులో మూకుడు పడిపోతుంది" అన్నారు.